కంఠస్వరమునకు మాతృక



నేటి ప్రసంగ విషయము మొదట కొంత విడ్డూరముగా తోచవచ్చును. కంప్యూటరునందు నమోదు చేసిన ధ్వనిని ఫైలుగా వెలికి తీయునపుడు ఏ అమరికలను ఎంచుకొనవలెనో చెప్పబూనితిని. జీవితమంతయు ఛందస్సును వ్యాకరణమును బోధించి విశ్రాంతి గైకొన్న తెలుగు పండితునకు ఈ యంత్రముల గొడవ యేల యని మీరడుగవచ్చును. అడుగుట న్యాయమే. నాకీ తెలివి పుస్తకమువలన గాక నష్టమువలన గలిగినది. ఆ నష్టమును ముందుగా విన్నవించెదను.

మాది దివిసీమ. 1977 నవంబరు 19వ తేదీ ఉప్పెనలో మా యిల్లు కూలినది. మనుష్యులము బ్రదికి బయటపడితిమి. కాని మా తల్లిగారు పెండ్లినాటినుండి పాటలు వ్రాసికొన్న నోటుపుస్తకము నీటిపాలైనది. మేలుకొలుపులు, లాలిపాటలు, దంపుళ్ళ పాటలు, అప్పగింతల పాటలు అందుండెడివి. అవి యన్నియు మా పెద్దక్కగారికి నోటికి వచ్చును. ఆమె నాకంటె పదునెనిమిదేండ్లు పెద్ద. వాటిని మరల వ్రాసిపెట్టుమని నేను పలుమారు వేడుకొనగా, "పాటైతే వ్రాస్తాను, వరస ఎక్కడ వ్రాయమంటావురా?" అనెడివారు. ఆ ప్రశ్నకు నావద్ద సమాధానము లేకుండెను.

2019 వేసవిలో సమాధానము దొరికినదనుకొంటిని. మా మనుమని ల్యాప్‌టాపును, ఒక చిన్న మైకును తీసికొనిపోయి, పంకా ఆపించి, ఆమెచేత నలువది నిమిషములు పాడించితిని. ఆడాసిటీ యను సాఫ్టువేరులో అది చక్కగా నమోదైనది. ఇది 2000 సంవత్సరము నుండి లోకమునకు ఉచితముగా లభించుచున్న సాధనము. అమెరికాలోనున్న మేనకోడండ్రకు వెంటనే పంపవలెనను ఆతురతతో, ఎంత చిన్న ఫైలైన అంత మేలని తలచి, అమరికలలో అన్నిటికంటె చిన్న అంకెలను ఎంచితిని. ఐదు మెగాబైట్లకు లోబడిన ఎమ్.పీ.త్రీ ఫైలు తయారైనది. సాఫ్టువేరును మూయునపుడు "ప్రాజెక్టును దాచవలెనా?" యని అది మర్యాదగా అడిగినది. పని ముగిసినది గదా యని వలదంటిని. దోషము నాదే, యంత్రముది కాదు, మనుమనిది కాదు.

2021లో అక్కగారు కాలము చేసిరి. అటుపిమ్మట ఆ పాటలను అక్షరబద్ధము చేయుదమని కూర్చుండి వినగా, ఒక లాలిపాటలో ఆమె "సరి" యనెనో "హరి" యనెనో నాకు తెలియరాలేదు. పదిమార్లు వింటిని. ఇంకను అట్టి తావులు ఇరువదికి పైగా కనబడినవి. అక్కగారి నోట సకారము ఎన్నడును జారలేదు. జారినది నేను ఎంచిన అంకెలలో.

ఇది యెట్లు జరిగెనో చెప్పెదను. ధ్వని గాలిలో పుట్టు అల. కంప్యూటరు ఆ అలను ఉన్నదున్నట్లు పట్టజాలదు. క్షణమునకు వేలమార్లు దాని ఎత్తును కొలిచి అంకెలుగా వ్రాసికొనును. ఒక సెకనులో ఎన్నిమార్లు కొలుచునో దానిని శాంపిల్ రేటందురు. ఈ కొలతల సంఖ్యలో సగము వరకుగల కంపనములను మాత్రమే అది పట్టగలదు. సెకనుకు 8,000 కొలతలు తీసినచో 4,000 కంపనములకు పైనున్న ధ్వని యంతయు పోవును. మనుష్యుని చెవి సుమారు 20 మొదలు 20,000 కంపనముల వరకు వినును. వయసుతోపాటు పై యంచు తరుగుచు వచ్చును. 1982లో వెలువడిన కాంపాక్ట్ డిస్కునకు 44,100 కొలతలను నిర్ణయించుటకు కారణమిదియే: అందులో సగము 22,050, అనగా చెవి హద్దునకు కొంచెము మీద.

ఇక మన వర్ణమాలను చూడుడు. అచ్చులకు కావలసిన బలమంతయు క్రింది కంపనములలోనే చాలవరకు ఉండును. ఊష్మములట్లు గావు. ముఖ్యముగా దంత్యమైన సకారము వట్టి బుస. దాని సారము 4,000కు పైననే అధికముగా నుండును. ఆ పైభాగమును కోసివేసినచో సకారము తన గుర్తును కోల్పోయి, ఏదో ఊపిరి విడిచినట్లు వినబడును. పాతకాలపు టెలిఫోనులో పేరులు చెప్పునపుడు "స, స, సముద్రములో స" యని అరవవలసి వచ్చుటకు హేతువిదియే. టెలిఫోను తీగకు ఇచ్చిన వెడల్పు 3,400 కంపనముల వరకే. నేను ఎంచిన అంకె 8,000. అక్కగారి సకారములను నేను నా చేతులారా తుడిచివేసితిని.

ఇప్పుడు ఎగుమతి గవాక్షమునకు వత్తము. 'ఫైలు' అను పట్టికలో 'ఎక్స్‌పోర్ట్ ఆడియో' యను ఆజ్ఞ నొత్తినచో అది తెరచుకొనును. అందు ఫైలు పేరు, దాచుచోటు, తరువాత ఫార్మాటు అడుగును. ఈ ఫార్మాటు దగ్గరనే తెలివి కావలెను.

మన డెల్టా రైతునకు దీనిని బోధించుట సులభము. కళ్ళము నుండి వచ్చిన ధాన్యములో కొంత విత్తనమునకు తీసిపెట్టుదుము, మిగిలినది మరపట్టించి బియ్యము చేయుదుము. బియ్యము వండుకొనుటకు హాయి, మూట తేలిక. కాని బియ్యము చల్లిన నారు మొలవదు. వేవ్ అనియు ఫ్లాక్ అనియు పిలువబడు ఫైళ్ళు విత్తనపు వడ్లు. ఎమ్.పీ.త్రీ బియ్యము. వేవ్‌లో కొలతలన్నియు ఉన్నవి యున్నట్లు ఉండును. ఫ్లాక్ వాటినే మడతపెట్టి సగమో, సగమునకు కొంచెము మీదో స్థలములో ఇముడ్చును. విప్పినపుడు ఒక్క అంకెయు తప్పక మరల వచ్చును. ఎమ్.పీ.త్రీ యట్లు గాదు. జర్మనీ దేశములో ఫ్రాన్‌హోఫర్ సంస్థవారు ముఖ్యముగా కృషిచేసి రూపొందించిన ఈ పద్ధతి, చెవి గమనింపని దానిని తీసి పారవేయును. డోలు సన్నాయి మ్రోగుచుండగా ప్రక్కవాని గుసగుస వినబడదు గదా. ఆ గుసగుసను వ్రాసికొననేల యని దాని తర్కము. చాలినంత చోటిచ్చినచో ఈ తర్కము మెచ్చదగినదే, సామాన్యుడు తేడా పట్టలేడు. చోటు బిగించిన కొలది గుసగుసతో పాటు మాటయు పోవును.

కాబట్టి మొదటి ఎగుమతి ఎల్లప్పుడును వేవ్‌గా చేయుడు. ఎన్‌కోడింగు అనుచోట 'సైన్డ్ 16 బిట్ పీ.సీ.ఎమ్.' అని యుండును. ఒక్కొక్క కొలతకు 65,536 మెట్లుగల నిచ్చెన యని దాని యర్థము, మన పనికి అది చాలును. శాంపిల్ రేటు 44,100. చానళ్ళ విషయమున, ఒక కంఠము ఒక మైకు అయినచో మోనో చాలును. అందువలన ఏమియు పోదు, ఫైలు సగమగును. హరికథ వంటిదానిని రెండు మైకులతో పట్టినచో స్టీరియో ఎంచుడు. ఈ లెక్కన మా అక్కగారి నలువది నిమిషములు మోనోలో సుమారు 212 మెగాబైట్లయి యుండెడివి. నేడు జేబులో పెట్టుకొను పెన్‌డ్రైవులో అట్టివి నూటికి పైగా పట్టును. నేను మిగిల్చిన పొదుపు ఇంతటిది!

ఆ తరువాతనే, పంపుటకొరకు, రెండవ ఎగుమతిగా ఎమ్.పీ.త్రీ చేయుడు. ఒక్క కంఠమునకు మోనోలో సెకనుకు 64 కిలోబిట్లు చాలును. గంటకు 29 మెగాబైట్లు మించదు. పక్కవాద్యములతో కచేరియైనచో స్టీరియోలో 192 ఎంచుడు. గంటకు 86 మెగాబైట్లగును. శాంపిల్ రేటును ఇక్కడను 44,100 నుండి దించకుడు. వాట్సాపులో పంపునపుడు డాక్యుమెంటు దారిని పంపినచో ఆ ఫైలు మార్పులేక చేరును.

మరియొక భ్రమ గలదు. చెడిన ఎమ్.పీ.త్రీని తెరచి పెద్ద అంకెలతో వేవ్‌గా ఎగుమతి చేసిన బాగుపడునని కొందరు తలతురు. నేనును తలచితిని, చేసితిని. పలుచని మజ్జిగను పెద్ద కుండలో పోసినట్లైనది. ఎమ్.పీ.త్రీని తెరచి, కొంత కత్తిరించి, మరల ఎమ్.పీ.త్రీగా దాచుట అంతకంటె చెరుపు. తాళపత్రముల కాలమున లేఖకుడు మాతృకను చూచి ప్రతి వ్రాసినచో తప్పులు కొన్ని; ఆ ప్రతిని చూచి ఇంకొకడు, వానిని చూచి వేరొకడు వ్రాసినచో పాఠమే మారిపోవును. పరిష్కర్తలు పడిన పాట్లు మా గురువులు కథలుగా చెప్పెడివారు. ఇక్కడను అంతే: కత్తిరింపులన్నియు వేవ్ నుండియే చేయుడు. ప్రాజెక్టు ఫైలు వేవ్‌కు బదులు గాదని కూడ గుర్తెరుగుడు. అది చిత్తుప్రతి వంటిది, ఇతర సాఫ్టువేరులలో సాధారణముగా తెరచుకొనదు.

ధ్వని మట్టమును గూర్చి ఒక్కమాట. తెరమీది కొలబద్ద ఎఱ్ఱగీటును తాకినచో అల తల తెగును. దానికి పిదప మందు లేదు. నమోదు చేయునపుడే కొంత క్రిందుగా ఉంచుడు.

మాతృకను ఒకే యింట ఉంచకుడు. 1977 నాటి ఉప్పెన మాట చెప్పితిని. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో వీధులకు వీధులు మునిగినపుడు, ఏ కాగితములు ఏ యంత్రములు ఏ అటకమీద మిగిలెనో అనుభవించినవారెఱుగుదురు. ఒక ప్రతి మీ యింట, ఒకటి వేరొక యూర బంధువు నింట ఉండవలెను.

మా అక్కగారి తోడికోడలు అవనిగడ్డ ప్రాంతముననే ఉన్నారు. వడ్లు దంచుచు అక్కగారినుండి నేర్చిన పాటలు మూడు ఆమెకు వచ్చును. మొన్న మాఘమాసమున వెళ్ళి నమోదు చేసితిని. అందులో ఆ లాలిపాటయు ఉన్నది. నాకు సందేహమైన చోట ఆమె పాడినది "సరి" కాదు, "హరి" కాదు, వేరొక పదము. అక్కయ్య ఎట్లు పాడెడివారని అడుగగా, "ఎవరి నోట ఎట్లా వస్తే అట్లాగే పాడుకున్నాంలే, మరిదిగారూ" అన్నారు. ఆ ఫైలు పేరులో ఆమె పేరు, ఊరు, తేదీ చేర్చి, చివర "మాతృక" యని వ్రాసి, రెండు చోట్ల ఉంచితిని.