పొలం మూల కప్పకో గుంట

తొలకరి నాలుగు జల్లులు పడిన రాత్రి కప్పల బెకబెకలు మీ పొలాల్లో ఇదివరకటిలాగే వినిపిస్తున్నాయా? చాలా ఊళ్లలో పెద్దవాళ్లను అడిగితే "మునుపటంత లేవండీ" అంటారు. పసుపు రంగు తేలి, గొంతు కింద నీలి సంచులు ఉబ్బించి అరిచే బోదురు కప్పల్ని చూడని పిల్లలు ఇప్పుడు పల్లెల్లోనూ ఉన్నారు.

కప్ప పోతే మనకేం పోయిందని అనుకోవద్దు. చీకటి పడ్డాక మన చేలో కూలి అడగకుండా పని చేసేది కప్పే. కాండం తొలుచు పురుగు, ఆకుముడత రెక్కల పురుగులు, మిడతలు, పెంకు పురుగులు, చీమలు, చెదలు దానికి ఆహారం. బోదురు కప్పయితే గట్లకు బొక్కలు పెట్టే ఎండ్రకాయల్నీ, ఎలుక పిల్లల్నీ కూడా మింగుతుంది. మధ్య అమెరికాలోని కోస్టారికా, పనామా దేశాల్లో ఒక బూజు తెగులు వల్ల కప్పలు పెద్దఎత్తున చచ్చిపోయిన తర్వాత కొన్నేళ్లపాటు మలేరియా కేసులు పెరిగాయని 2022లో వెలువడిన పరిశోధన తేల్చింది. అంటే కప్ప సంగతి పంటతోనే ఆగదు, ఇంటి ఆరోగ్యం దాకా వస్తుంది.

ఎందుకు తగ్గాయి?

ఒకప్పుడు కాళ్ల కోసం కప్పల్ని పట్టి వేల టన్నులు విదేశాలకు పంపేవారు. 1987లో కేంద్ర ప్రభుత్వం ఆ ఎగుమతిని నిషేధించింది. పట్టేవాళ్లు తగ్గినా వాటికి ఉండే చోటు మాత్రం తగ్గుతూనే వచ్చింది. గుంటలు పూడ్చాం, గట్లు సన్నం చేశాం, గట్టు మీద గడ్డికీ మందే కొడుతున్నాం.

కప్ప చర్మం మన చర్మం లాంటిది కాదు. అది నీళ్లు తాగేదీ చర్మంతోనే, ఊపిరి పీల్చేదీ కొంతవరకు చర్మంతోనే. అందుకే నీళ్లలో కలిసిన మందు నేరుగా ఒంట్లోకి వెళ్తుంది. పెద్ద కప్ప గెంతి తప్పించుకోవచ్చు. నీళ్లలో తోకతో ఈదే పిల్లలకు ఆ వీలు లేదు.

ఇంకొక చిక్కు ఉంది. గుడ్డు పెట్టిన దగ్గర్నుంచి కాళ్లు వచ్చి ఒడ్డెక్కడానికి చాలా రకాలకు నెల నుంచి నెలన్నర పడుతుంది. ఈలోగా మడిలో నీరు తీసి ఆరబెట్టామంటే పిల్లలన్నీ ఎండి చస్తాయి. ఆరుతడి వరికి మంచిదే, మానమని చెప్పడం లేదు. ఆ నాలుగు రోజులు వాటికి తలదాచుకునే చోటు చూపిస్తే చాలు.

గుంట ఎలా తవ్వాలి?

పొలంలో నీరు చివరికి చేరే పల్లపు మూల చూసుకోండి. 3 మీటర్ల పొడవు, 2 మీటర్ల వెడల్పు సరిపోతుంది. ఇది సెంటు భూమిలో దాదాపు ఏడో వంతు. ఒక పక్క రెండు అడుగుల లోతు ఉంచి, రెండో పక్క ఏటవాలుగా నేల మట్టానికి తీసుకురావాలి. నిలువు గోడలు వద్దు, పిల్ల కప్పలు ఎక్కలేవు. రోహిణి కార్తెలో తవ్వి, వచ్చిన మట్టి గట్టుకు వేసుకుంటే కూలీ డబ్బు వృథా కాదు.

మడి నుంచి గుంటలోకి జానెడు వెడల్పు బోదె తీయండి. మడి ఆరబెట్టేటప్పుడు నీటితోపాటు పిల్లలూ అందులోకి దిగుతాయి. ఒడ్డున కాస్త తుంగ, గడ్డి ఉండనివ్వండి. ఒక పక్క నాలుగు రాళ్లు, పగిలిన కుండ పెంకులు, మొద్దు ముక్క వేస్తే పగలు నీడ దొరుకుతుంది. గుర్రపు డెక్క మాత్రం చేరనీయకండి.

ఈ గుంటలో చేపలు వేయకూడదు. కప్ప గుడ్లను, పిల్లలను చేపలు వదలవు. దోమల కోసమని వదిలే గంబూసియా చేప కూడా అంతే. వేసవిలో గుంట ఎండిపోతే దిగులు పడొద్దు. ఎండితేనే చేప నిలవదు, కప్పకు అదే మేలు.

"గుంట పెడితే దోమలు పెరగవా?" అని అడిగేవాళ్లుంటారు. బోదురు కప్ప పిల్లలు, తూనీగ పిల్లలు, నీటి పెంకు పురుగులు దోమ పిల్లల్ని తింటాయి. మందు కలవని గుంటలో ఇవన్నీ ఉంటాయి. మందు పడి ఇవి చచ్చిన గుంటలోనే దోమలకు అడ్డు ఉండదు. అయినా గుంటను ఇంటికి దూరంగానే పెట్టుకోండి. చిన్నపిల్లలు అటు పోకుండా చూసుకోండి.

మందు కొట్టే రోజున

ముందు బోదె నోరు బురదతో మూసేయండి. గుంట చుట్టూ రెండు మూడు మీటర్లు మందు పడనీయకండి. స్ప్రేయరు, డబ్బాలు గుంటలో కడగొద్దు. గుళికలు వేసిన మడి నీటిని అందులోకి వదలొద్దు. అసలు మందు అవసరమా అన్నది దుబ్బు మొదలు చూసి తేల్చుకోండి. సుడిదోమ పిలక దశలో దుబ్బుకు 10–15, ఈనిక దశలో 20–25 దాటితేనే మందు. ప్రతి 2 మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాట తీసి ఉంటే దోమ ఉధృతి తగ్గుతుంది, కప్ప తిరగడానికీ దారి.

నీటి మీదికి వంగిన కొమ్మకో, తొట్టి గోడకో తెల్లటి నురుగు ముద్ద కనిపిస్తే దులిపేయకండి. అది చెట్టు కప్ప గూడు. ప్లాస్టిక్ షీటు పరిచిన పంట కుంటలు ఉన్నవాళ్లు ఒక మూల తడిసిన గోనె పట్టానో, ముడులు వేసిన కొబ్బరి తాడునో నీటిలోకి వేలాడదీయండి. లేకపోతే జారుడు గోడ ఎక్కలేక కప్పలు, తొండలు అందులోనే చస్తాయి.

మెక్సికో రైతులు ఏం చేశారు?

పట్నాల్లో అక్వేరియం పెంపకందార్ల దగ్గర అక్సలోటల్ అనే జీవి కనిపిస్తుంది. చెవుల పక్క ఈకల్లాంటి మొప్పలతో, జీవితమంతా నీళ్లలోనే ఉంటుంది. కప్పకు దూరపు చుట్టం. దానికి 16–18 డిగ్రీల చల్లని నీరు కావాలి. మన ఎండలకు గాజు తొట్టిలో దాన్ని బతికించడం కష్టం. పెంచలేక కాలవలో వదిలితే మన కప్పలకు కొత్త రోగాలు అంటే ప్రమాదం ఉంది.

దాని పుట్టిల్లు మెక్సికో నగరం పక్కన సోచిమిల్కో కాలవలు. అక్కడ 1998లో చదరపు కిలోమీటరుకు సుమారు 6,000 ఉండగా, 2014 నాటికి 36 మిగిలాయి. మురికి నీరు ఒక కారణం. మేలు జరుగుతుందని వదిలిన కార్పు, తిలాపియా చేపలు మరో కారణం. అక్కడి చిన్న రైతులు కాలవల మధ్య మడుల్లో కూరగాయలు పండిస్తారు. విశ్వవిద్యాలయం వాళ్లతో కలిసి కొందరు రైతులు తమ మడి పక్క కాలవకు రాళ్లు, వల, మొక్కలతో అడ్డుకట్ట వేశారు. చేప లోపలికి రాదు, నీరు వడకట్టుకొని వస్తుంది. మడికి రసాయనాలు మానేశారు. పునరుద్ధరించిన అలాంటి కాలవలోనూ, మరో నీటి మడుగులోనూ తొట్టెల్లో పెరిగిన 18 అక్సలోటళ్లను వదిలితే, గమనించినంత కాలం అన్నీ బతికాయనీ, మళ్లీ దొరికినవి బరువు పెరిగాయనీ 2025లో ప్రకటించారు. ఖరీదైన యంత్రాలేవీ కాదు, చేపకు అడ్డు, మందుకు అడ్డు, అంతే.

ఏజెన్సీ రైతులకు ఒక మాట

కప్పకు కాళ్లు లేని దూరపు చుట్టం కూడా ఉంది. పేరు సిసీలియన్. ఒళ్లంతా ఉంగరాలతో పెద్ద వానపాములా ఉంటుంది. ఆంధ్రప్రదేశ్, ఒడిశాల తూర్పు కనుమల్లో దొరికిన ఒక కొత్త రకాన్ని శాస్త్రవేత్తలు 2013లో గుర్తించారు. తడి మట్టిలో, రాళ్ల కింద ఉంటూ మట్టిలోని చిన్న పురుగుల్ని తింటుంది. తవ్వేటప్పుడు కనిపిస్తే పామని కొట్టి చంపకండి. ఏదో తేల్చుకోలేకపోతే చేత్తో పట్టకుండా మట్టి కప్పి వదిలేయండి.

ఇక ఉన్నమాట చెప్పాలి. కప్పలుంటే పురుగు మొత్తం పోదు. అవి సాలీళ్లనూ తింటాయి. కప్ప కోసం పాము కూడా వస్తుంది, రాత్రిపూట నీరు కట్టడానికి వెళ్లేటప్పుడు టార్చి లైటు, బూట్లు తప్పనిసరి. కానీ ఒక్క పిచికారీ తగ్గినా ఎకరం రైతుకు అది మిగులే. ఏడో వంతు సెంటు భూమి, ఒక పూట పని. ఈ రోహిణికి తవ్వి చూడండి. పక్క రైతునూ తవ్వమనండి, ఒక్క గుంట కంటే వరసగా నాలుగు గుంటలుంటే కప్పలు నిలుస్తాయి.