టీచర్ మెసేజ్ నానమ్మ ఫోన్‌కి చేరుతుందా? స్కూల్ యాప్‌లకు అసలు టెస్ట్ ఇదే

కొత్త ఫోన్ చేతికొస్తే మనం ముందు చూసేది ప్రాసెసర్, కెమెరా, బ్యాటరీ. యాప్ అయితే ఫీచర్లు లెక్కపెడతాం. కానీ అమెరికా పబ్లిక్ స్కూళ్లలో టీచర్లూ పేరెంట్సూ మాట్లాడుకునే యాప్‌లకు ఈ లెక్క పనికిరాదు. అక్కడ చూడాల్సింది ఒక్కటే: ఇంట్లో ఉన్న అతి మామూలు ఫోన్‌కి, ఆ ఇంట్లోవాళ్లకు అర్థమయ్యే భాషలో మెసేజ్ చేరిందా లేదా?

అక్కడ ఒక ప్రాంతంలోని ప్రభుత్వ బడులన్నిటినీ స్కూల్ డిస్ట్రిక్ట్ నడుపుతుంది. ఏ యాప్ వాడాలో కూడా చాలాచోట్ల అదే తేలుస్తుంది. పేరెంట్‌స్క్వేర్, క్లాస్‌డోజో, టాకింగ్‌పాయింట్స్, రిమైండ్ అక్కడ బాగా వినిపించే పేర్లు.

ఎస్ఎంఎస్ ఇంకా ఎందుకు?

2011లో బ్రెట్, డేవిడ్ కాఫ్ అనే అన్నదమ్ములు మొదలుపెట్టిన రిమైండ్ ఐడియా చాలా సింపుల్. పేరెంట్ యాప్ వేసుకోనక్కర్లేదు, క్లాస్ కోడ్‌ని ఎస్ఎంఎస్ చేస్తే చాలు. టీచర్ నంబర్ పేరెంట్‌కి కనిపించదు, పేరెంట్ నంబర్ టీచర్‌కి కనిపించదు. 2023లో దీన్ని పేరెంట్‌స్క్వేర్ కొనేసింది.

అయితే ఎస్ఎంఎస్ ఊరికే రాదు. 2019 జనవరిలో వెరైజన్ అదనపు ఫీజు వేస్తోందని, దాంతో ఖర్చు 11 రెట్లు అవుతుందని రిమైండ్ చెప్పింది. వెరైజన్ కస్టమర్లకు టెక్స్ట్‌లు ఆపేస్తామంది. టీచర్లు, పేరెంట్స్ గట్టిగా అడగడంతో వెరైజన్ వెనక్కి తగ్గింది. మెసేజ్‌కి పడే కొన్ని పైసలే క్లాస్‌రూమ్‌కీ ఇంటికీ మధ్య గోడ కాగలవని అప్పుడు తెలిసింది.

తెలుగుకి ఇంకో మెలిక ఉంది. ఇంగ్లిష్ ఎస్ఎంఎస్ ఒక్కదాంట్లో 160 క్యారెక్టర్లు పడతాయి. తెలుగు యూనికోడ్‌లో వెళ్తుంది కాబట్టి 70 మాత్రమే. పైగా గుణింతాలు, పొల్లులు విడివిడిగా లెక్కకొస్తాయి. కంటికి రెండే అక్షరాలున్న ‘స్కూల్’ అనే మాటకే ఆరు పోతాయి. అంటే అదే కబురు తెలుగులో పంపితే రెండు మూడు ముక్కలవుతుంది, పంపేవాళ్లకు ప్రతి ముక్కకీ బిల్లు పడుతుంది.

అనువాదం ఉంటే సరిపోతుందా?

మా అక్క వాళ్లు టెక్సస్‌లో ఉంటారు. అక్కా బావా ఇద్దరూ ఉద్యోగస్తులే, అందుకే ఆర్నెల్లు వాళ్ల అత్తగారు వచ్చి పిల్లల్ని చూసుకున్నారు. బడి త్వరగా వదిలేస్తున్నారన్న మెసేజ్ ఒకరోజు మీటింగ్‌లో ఉన్న అక్క ఫోన్‌కి వచ్చింది. ఇంట్లో ఖాళీగా ఉన్న అత్తయ్య ఫోన్‌కి రాలేదు. రెండో కాంటాక్ట్‌గా ఆవిడ నంబర్ ఇచ్చి, భాష తెలుగుకి మార్చాక వచ్చిన మొదటి మెసేజ్‌లో ‘ముందస్తు విడుదల’ అని ఉంది. ‘విడుదలేంటే, పిల్లాణ్ణి జైల్లో పెట్టారా?’ అని అత్తయ్య కంగారుపడ్డారట. మెసేజ్ డెలివర్ అయింది, అర్థం మాత్రం డెలివర్ కాలేదు.

ఇది సరదా విషయం మాత్రమే కాదు. 1964 పౌరహక్కుల చట్టంలోని ఆరో అధ్యాయం ప్రకారం, ఫెడరల్ నిధులు తీసుకునే బడులు ఇంగ్లిష్ రాని పేరెంట్స్‌కి ముఖ్యమైన సమాచారం అర్థమయ్యేలా చెప్పాలి. పిల్లల్ని దుబాసీలుగా వాడొద్దని, మెషిన్ అనువాదాన్ని భాష తెలిసినవాళ్లు సరిచూడాలని 2015 మార్గదర్శకాలు చెప్పాయి. వాటిని 2025లో వెనక్కి తీసుకున్నారు, చట్టం మాత్రం అలాగే ఉంది.

మరి ఏం చేయాలి?

అమెరికాలో మీ అక్కో అన్నో ఉంటే ఈ మూడూ చెప్పండి. ఒకటి, పిల్లల్ని నిజంగా ఎవరు తీసుకొస్తారో వాళ్ల నంబర్ కూడా రికార్డులో పెట్టించాలి. రెండు, యాప్ నోటిఫికేషన్‌తో పాటు ఎస్ఎంఎస్ కూడా ఆన్‌లో ఉంచాలి. మూడు, మార్కులకీ హోంవర్క్‌కీ ఆటో ట్రాన్స్‌లేషన్ చాలు గానీ, ఆరోగ్యం, క్రమశిక్షణ, స్పెషల్ ఎడ్యుకేషన్ లాంటివైతే మనిషి దుబాసీని అడగాలి. అడగడం మొహమాటపడాల్సిన పనేం కాదు.

కోడ్ రాసేవాడిగా నాకనిపించేది ఒకటే. డ్యాష్‌బోర్డ్‌లో ‘డెలివర్డ్’ అని పచ్చ టిక్ పడితే మన పని అయిపోయిందనుకుంటాం. బడి గేటు దగ్గర ఎదురుచూసే పిల్లాడికి ఆ టిక్‌తో పనిలేదు. తీసుకెళ్లడానికి ఎవరో ఒకరు టైమ్‌కి వచ్చారా లేదా అన్నదే వాడికి కావాలి.