రాయితో మొదలైన కచేరీ

"ఇంకా మొదలవలేదేంటి మావయ్యా?"

మా మేనల్లుడికి పదమూడేళ్ళు. పాటంటే వాడి లెక్కలో చెవుల్లో దోపుకునేది. ఎదురుగా మనిషి కూర్చుని పాడుతుంటే వినడం అదే మొదలు. తెర లేచి ఐదు నిమిషాలైంది. గాయని తంబురా వైపు చెవి ఒగ్గి కూర్చున్నారు. వయొలిన్ విద్వాంసుడు బిరడాలు తిప్పుతున్నారు. మృదంగం ఆయన చిన్న రాయీ కర్రముక్కా పట్టుకుని వాద్యం అంచు మీద టక్కుటక్కుమని కొడుతున్నారు.

"రిపేరు ఇంటి దగ్గర చేసుకుని రావచ్చుగా?" అన్నాడు వాడు.

నవ్వొచ్చింది గానీ, కచేరీ మొత్తంలో భౌతికశాస్త్రం బాహాటంగా కళ్ళకు కనబడేది ఆ ఐదు నిమిషాల్లోనే.

రాయి చేసే పని

మృదంగం కుడి ముఖం చుట్టూ జడలా అల్లిన తోలు అంచు ఉంటుంది. తోలు వార్లు దాన్ని ఎడమ ముఖానికి బిగించి ఉంచుతాయి. ఆ అంచును పైనుంచి కిందికి కొడితే చర్మం బిగుసుకుని శ్రుతి పెరుగుతుంది. కిందినుంచి పైకి కొడితే వదులై తగ్గుతుంది. చుట్టూ ఒక్కోచోట వేలితో మీటి, విని, తేడా వినిపించిన చోటే కొడతారు. అన్నివైపులా బిగువు ఒకటైతేనే నాదం తేటగా పలుకుతుంది. అలా కుడి ముఖాన్ని గాయని షడ్జమానికి కలుపుతారు. ఎడమ ముఖానికి తడిపిన రవ్వ ముద్ద అంటిస్తారు. బరువెక్కిన చర్మం నెమ్మదిగా కంపిస్తుంది, నాదం గంభీరంగా దిగుతుంది. కచేరీ అయ్యాక ఆ ముద్దను గీకి పారేస్తారు.

ఊరేగింపు ముందు డప్పును మంట దగ్గర కాచేది కూడా బిగువు కోసమే. తోలు గాలిలోని తేమను పీల్చుకుని సాగుతుంది. సెగ తగిలితే తేమ పోయి బిగుస్తుంది. ఇంటి దగ్గర కలిపిన శ్రుతి హాల్లో నిలవకపోవడానికి కారణం ఇదే. దారిలో గాలి మారింది, ఏసీలో తేమ మారింది. తోలుకు అవన్నీ తెలుస్తాయి.

నల్లబొట్టు రహస్యం

బిగించిన తీగ సెకనుకు 100 సార్లు కంపిస్తే, దాంతోపాటే 200, 300, 400 కంపనాలూ సన్నగా పుడతాయి. వీటిని అనుస్వరాలంటారు. పూర్ణాంకాల వరసలో ఉండటం వల్ల అన్నీ కలిసి చెవికి ఒకే స్వరంగా తోస్తాయి. గుండ్రటి చర్మం తీరు వేరు. దాని మూల కంపనం 100 అయితే తర్వాతివి 159, 214, 230 దగ్గర పడతాయి. ఒకదానికొకటి పొంతన లేదు. అందుకే మామూలు డోలు మోగుతుందే తప్ప ఫలానా స్వరం పలికిందని చెప్పలేం.

మృదంగం పలుకుతుంది. కారణం కుడి ముఖం మధ్యలోని నల్లబొట్టు. అన్నంలో ఖనిజపు పొడి కలిపి నూరి, పొర మీద పొర పూసి, రాయితో రుద్ది ఆరబెడతారు. మధ్యలో మందంగా, అంచుల్లో పలచగా ఉంటుంది. ఆ బరువు చర్మం కంపనాలను అటూ ఇటూ జరిపి, తీగలాగే పూర్ణాంకాల వరసకు దాదాపుగా తెస్తుంది.

ఈ సంగతిని 1920లో 'నేచర్' పత్రికలో ప్రపంచానికి చెప్పింది సి.వి. రామన్, శివకాళి కుమార్. తండ్రి ఏ.వి.ఎన్. కాలేజీలో పాఠాలు చెబుతుండగా విశాఖపట్నంలో పెరిగిన రామనే ఈయన. 1934లో రామన్ మళ్ళీ దీని మీదికి వచ్చారు. చర్మం మీద సన్నని ఇసుక చల్లి, కదలని గీతల వెంట అది పేరుకున్న ఆకారాలను ఫొటోలు తీశారు. మొదటి తొమ్మిది కంపన రీతులు కలిసి ఐదే స్వరాలుగా సర్దుకుంటున్నాయని తేల్చారు. వాద్యం చేసేవాళ్ళు ఈ గణితం ఏదీ లేకుండా చెవితోనే అక్కడికి చేరారు.

ఒక నూలుపోగు

తంబురాకు నాలుగే తీగలు, మెట్లు లేవు. అయినా దాని నాదంలో తుమ్మెదలు తిరుగుతున్నట్టుంటుంది. తీగలు ఆనే గుర్రం వెడల్పుగా, కాస్త వాలుగా ఉంటుంది. తీగకూ గుర్రానికీ మధ్య ఒక నూలుపోగు దూరుస్తారు. దాన్ని జీవాళి అంటారు. పోగు సరైన చోట కుదిరితే, కంపించే తీగ గుర్రాన్ని రాసీ రాయనట్టు తాకుతూ పై అనుస్వరాలను లేపుతుంది. తీగను సరిగ్గా మధ్యలో మీటితే మూల కంపనానికి రెట్టింపుగా ఉండే అనుస్వరం పుట్టకూడదని భౌతికశాస్త్ర నియమం. తంబురాలో అది వినబడుతుందని కూడా రామనే గమనించారు. పోగును వెంట్రుకవాసి జరిపితే జీవం పోతుంది. గాయని చెవి ఒగ్గింది దానికోసమే.

కూర్చున్నవాళ్ళ వాటా

ఇక హాలు. 1895లో హార్వర్డ్‌లో ఒక కొత్త ఉపన్యాస మందిరంలో మాట్లాడితే మాట ఐదున్నర సెకన్లపాటు మోగుతూనే ఉండేది. కారణం వెతకమని వాలెస్ సబీన్ అనే యువ అధ్యాపకుడికి అప్పగించారు. పక్క థియేటరులోని కుర్చీ దిండ్లను రాత్రివేళ మోయించి తెచ్చి, ఎన్ని దిండ్లకు మోత ఎంత తగ్గుతుందో ఆయన కొలిచాడు. మనిషి కూడా శబ్దాన్ని పీల్చుకుంటాడు, ఒక్కొక్కరం సుమారు ఆరు దిండ్ల పెట్టు. అందుకే మధ్యాహ్నం ఖాళీ హాల్లో సరిచూసిన మైకును సాయంత్రం జనం నిండాక మళ్ళీ సర్దుతారు. శ్రీరామనవమి పందిట్లో ఈ బాధ లేదు. గోడలు లేవు గనక పాట తిరిగిరాదు. ఆ మేరకు బలమూ రాదు.

గోడలు బలమిస్తాయి. శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. గోడకు తగిలి సెకనులో ముప్ఫయ్యో వంతు లోపు తిరిగొచ్చిన పాటను మెదడు అసలు పాటలోనే కలిపేసుకుంటుంది. బాగా ఆలస్యమైతే ప్రతిధ్వనిగా వేరు చేస్తుంది. మొదటిసారి వెళ్ళేవాళ్ళకు హాలు నడిమి వరసలు మేలని నేననేది ఇందుకే. స్పీకరు డబ్బా ముందు మాత్రం వద్దు. 85 డెసిబెల్స్ మోతను ఎనిమిది గంటలు తట్టుకోవచ్చంటారు. ప్రతి 3 డెసిబెల్స్‌కూ ఆ వ్యవధి సగమవుతుంది. సినిమా పాటల విభావరిలో 100 దాటడం మామూలే. 100 దగ్గర మనకున్నది పావుగంటే. లోపలి చెవిలోని రోమకణాలు పోతే మళ్ళీ మొలవవు.

వర్ణం అయింది, రెండు కృతులయ్యాయి. మేనల్లుడు కునుకు తీస్తున్నాడేమోనని చూశాను. వాడు నా మోచేతిని పొడిచి మృదంగం వైపు చూపించాడు. "కుడివైపు కాస్త దిగినట్టుంది మావయ్యా."

నాకేమీ తెలియలేదు. అంతలో పాట ముగిసింది. మృదంగం ఆయన చెయ్యి చాచి రాయి అందుకున్నారు.