ఆ బండలు పారేయకండి!

తులసికోట, గిన్నెలు తోముకునే గట్టు, సాయంత్రం పూట మల్లెలు మాల కట్టుకుంటూ కూర్చునే మూల... పాత ఇళ్ల పెరట్లో వీటన్నిటి కిందా ఉండేవి నాపరాళ్లే. ఏళ్లు గడిచాక అవి ఒక్కోటీ కదలడం మొదలెడతాయి. వానాకాలంలో కాలు పెడితే చాలు, సందుల్లోంచి బురదనీళ్లు చీర కుచ్చిళ్ల మీదికి చిమ్ముతాయి. ఇక ఇంట్లో ఒకటే మాట... 'మొత్తం పీకించేసి సిమెంటు పోయించేద్దాం!'

తొందరపడకండి. చాలా ఇళ్లలో చెడింది రాయి కాదు, దాని కింది నేల. పందికొక్కుల బొరియలు, చెట్ల వేళ్లు, పగిలిన గొట్టంలోంచి కారే నీళ్లు... మట్టి జారిపోయి రాయి కింద డొల్ల పడుతుంది. బేతంచెర్ల, తాండూరు, కడప, కర్ణాటక షాబాదు... ఊరి పేరుతోనే పిలిచే ఈ బండలన్నీ సున్నపురాయి జాతివి. పగలకుండా ఉంటే ఇంకో తరం వాడుకోవచ్చు.

కొందరైతే పాత బండలు తీయకుండానే వాటి మీద నాలుగంగుళాల కాంక్రీటు పోయించేస్తారు. ఆ రోజుకి చక్కగానే ఉంటుంది. కానీ పెరడు మట్టం లేచి వంటింటి గడప దాకా వస్తుంది. పెద్దవాన పడితే నీళ్లు లోపలికే! గోడల అడుగున చెమ్మ, ఆపైన పెచ్చులూడటం. మరో సంగతి. 20 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పున్న పెరట్లో 5 సెంటీమీటర్ల వాన కురిస్తే 900 లీటర్ల పైచిలుకు నీళ్లు. రాళ్ల సందుల్లో ఇసుక ఉంటే అందులో కొంతైనా నేలలోకి ఇంకుతుంది. సిమెంటు పరిస్తే అంతా కాలువ పాలే. వాల్టా చట్టం వచ్చింది 2002లో. పెరడంతా సిమెంటుతో మూసేసి, వీధివైపు ఇంకుడుగుంత తవ్వించుకునే వాళ్లని ఏమనాలో!

బండలు లేపే ముందు వరసలవారీగా సుద్దముక్కతో అంకెలు వేయించండి. తిరిగి పరిచేటప్పుడు వెతుకులాట తప్పుతుంది. బొరియల్ని కంకరతో పూడ్పించి, నీళ్లు చల్లి, దిమ్మిసతో గట్టిగా కొట్టించాలి. ఈ పనికి బద్ధకిస్తే రెండేళ్లలో కథ మళ్లీ మొదటికే. ఆపైన రెండంగుళాల ఇసుక, దానిమీద రాళ్లు. ఇంటిగోడ నుంచి బయటికి పదడుగులకు రెండంగుళాల వాటం ఉండాలి. 'కంటిచూపుతో సరిచేసేస్తానమ్మా' అంటాడు మేస్త్రీ. అయినా సరే, రసమట్టం పెట్టించండి. నాలుగు బిందెలు కుమ్మరించి నీళ్లు ఎటు పోతున్నాయో చూశాకే కూలి లెక్క తేల్చండి. కొబ్బరిచెట్టు మొదలు చుట్టూ రెండడుగుల మట్టి వదలాలి. గిన్నెలు తోమేచోట మాత్రం సందుల్ని సిమెంటుతో పూడ్పించి, సబ్బునీళ్లను కాలువలోకి పంపడమే మేలు.

పాచి వదలగొట్టాలని యాసిడ్ పోయకండి. సున్నపురాయి బుసబుసా పొంగి, పైపొర తినేస్తుంది. సబ్బునీళ్లు, గట్టి బ్రష్షు చాలు.

లేపేటప్పుడు ఒకటో రెండో పగలక మానవు. ఆ ముక్కలు కుండీల కిందికీ, కుళాయి దగ్గర కాలు పెట్టుకోవడానికీ సరిపోతాయి. పారేయడానికి తట్టెడు కూడా మిగలవు.