జైలుకు వెళ్లిన సంపాదకుడు, చదువరులను తయారుచేసిన పంతులు

కర్నూలు ఉస్మానియా కళాశాలను 1947లో స్థాపించిన డాక్టర్ అబ్దుల్ హఖ్ సాహెబు పేరు తెలియని ముస్లిం కుటుంబం మా ప్రాంతంలో అరుదు. ఆయన కంటే ముందు అదే కర్నూలులో పుట్టిన మరొక విద్యాదాత పేరు మాత్రం మన ఇళ్లలో వినిపించదు. ఆయనే గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారు. పూర్వీకులది కడప జిల్లా సింహాద్రిపురం. 1883 సెప్టెంబర్ 14న కర్నూలులో జన్మించి, మద్రాసు విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. పూర్తి చేశారు. ఆ కాలంలో ఆ పట్టా ఉన్నవానికి సర్కారు కొలువు చేతికందే దూరంలోనే ఉండేది.

ఆయన దాని వైపు చేయి చాచలేదు. 1907లో రాజమండ్రి ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో చదువుతూ వందేమాతర ఉద్యమంలో పాల్గొన్నందుకు బహిష్కరణకు గురయ్యారు. మరుసటి ఏడాది బోడి నారాయణరావు గారితో కలిసి బెజవాడ నుండి ‘స్వరాజ్య’ వారపత్రికను వెలువరించారు. 1908 మార్చిలో తిరునెల్వేలిలో చిదంబరం పిళ్లె అరెస్టుపై ప్రజలు తిరగబడగా, పోలీసు కాల్పులలో నలుగురు మరణించారు. దానిపై ‘స్వరాజ్య’ విదేశీ పాలనను క్రూరమృగంతో పోల్చుతూ వ్యాసం ప్రచురించింది. ప్రభుత్వం రాజద్రోహ నేరం మోపింది. హరిసర్వోత్తమరావు గారికి మూడేళ్ల కఠిన కారాగార శిక్ష పడింది. అప్పటికి ఆయన వయసు పాతికేళ్లు. వేలూరు జైలులో ఆయనను సాధారణ నేరస్థులతో సమానంగా చూశారు.

సరిగ్గా అదే సంవత్సరం అలీగఢ్‌లో మౌలానా హస్రత్ మొహానీ కూడా జైలు పాలయ్యారు. ఆయన నడిపిన ‘ఉర్దూ-ఎ-ముఅల్లా’లో ఈజిప్టులో ఆంగ్లేయుల విద్యావిధానాన్ని విమర్శిస్తూ పేరు లేని వ్యాసం ఒకటి వచ్చింది. రచయిత పేరు చెప్పమని ఎంత ఒత్తిడి చేసినా మౌలానా చెప్పలేదు. తన పత్రికలో అచ్చయిన దానికి తానే బాధ్యుడనన్నారు. జైలులో తిరగలి విసిరారు. ఒకరు తెలుగువారు, ఒకరు ఉర్దూవారు. ఒకరి సంగతి మరొకరికి తెలిసి ఉండకపోవచ్చు. అయినా అచ్చువేసిన మాటను ఇద్దరూ అమానతుగానే భావించారు. దుర్మార్గపు పాలకుని ఎదుట సత్యం పలకడం ఎంతటి ఘనకార్యమో హదీసులు చదివిన వారికి వేరే చెప్పనవసరం లేదు.

అయితే నన్ను ఎక్కువగా ఆలోచింపజేసినది గాడిచర్ల గారి జైలు జీవితం కాదు, ఆ తరువాతి జీవితం. విడుదలయ్యాక కొమర్రాజు లక్ష్మణరావు గారి అండతో విజ్ఞానచంద్రికా మండలి పనులలో నిమగ్నులయ్యారు. ‘ఆంధ్రపత్రిక’లోనూ పనిచేశారు. కానీ పత్రిక ఎవరి కోసం? 1911 జనాభా లెక్కల ప్రకారం దేశంలో అక్షరాలు వచ్చినవారు నూటికి ఆరుగురు. స్త్రీలలోనైతే నూటికి ఒక్కరు. ఏ వ్యాసం కోసం తాను సంకెళ్లు ధరించారో, ఆ వ్యాసాన్ని చదవగలిగిన వారు ఊరికి ఎందరుంటారు? బహుశా ఈ ప్రశ్నే ఆయనను గ్రంథాలయోద్యమం వైపు, వయోజన విద్య వైపు నడిపించిందని నా అభిప్రాయం. ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘానికి దీర్ఘకాలం అధ్యక్షులుగా ఉన్నారు. రాత్రిబడులు, పల్లె గ్రంథాలయాలు, పెద్దవారికి అక్షరాభ్యాసం! 1960 ఫిబ్రవరి 29న మరణించేవరకు ఆయనకు ఇదే ధ్యాస. పేరు రాని పని ఇది. రాజద్రోహం కేసుకు చరిత్ర పుస్తకంలో చోటు దొరుకుతుంది. ఒక ముసలిరైతు తన పేరు తాను రాసుకున్న రోజుకు దొరకదు.

ముస్లిమేతరుని గురించి ఇస్లామీయ పత్రికలో ఇంత ఎందుకని ఎవరైనా అడగవచ్చు. బద్ర్ యుద్ధ ఖైదీలను గుర్తు చేసుకోండి. పరిహారం చెల్లించలేని అక్షరాస్యులు మదీనాలోని పదిమంది పిల్లలకు చదవడం, రాయడం నేర్పితే విడుదల చేస్తామని దైవప్రవక్త (స) నిర్ణయించారు. నేర్పిన వారు విశ్వాసులు కారు, నిన్నటిదాకా కత్తి దూసినవారు. ఖుర్ఆన్‌ను గ్రంథస్థం చేసిన జైద్ బిన్ సాబిత్ (ర) కూడా అక్కడే రాయడం నేర్చుకున్నారని సీరత్ గ్రంథాలు చెబుతున్నాయి. శత్రువు వద్ద కూడా అక్షరం నేర్చుకున్న సముదాయం మనది. గాడిచర్ల గారు మనకు శత్రువు కూడా కాదు, మన ఊరివారు.

ఇప్పుడొక విషయం చెప్పాలి. రెండేళ్ల క్రితం ఒక తల్లి మా మదర్సాకు ఒక కాగితం పట్టుకొచ్చింది. “హజ్రత్, ఇందులో ఏముందో కాస్త చూడండి” అని అడిగింది. భర్త చనిపోయాక పెట్టుకున్న పింఛను దరఖాస్తుకు వచ్చిన జవాబు అది. పదిహేను రోజులలోగా మరొక పత్రం జతచేయాలని అందులో ఉంది. ఆ గడువు దాటి అప్పటికే నెల రోజులైంది. ఆమె పక్కన ఆమె కుమారుడు నిలబడి ఉన్నాడు. హాఫిజ్. ముప్ఫై పారాలూ తడబడకుండా వినిపించగలడు. కర్నూలు గడ్డపై పుట్టి పెరిగాడు, తెలుగు గలగలా మాట్లాడతాడు, కానీ ఆ కాగితం చదవలేకపోయాడు. వాడికి ఎనిమిదేళ్లు చదువు చెప్పినది నేనే.

ఆమె నన్నేమీ అనలేదు. కాగితాన్ని మడిచి కొంగున కట్టుకుని వెళ్లింది. మళ్లీ దరఖాస్తు పెట్టించాము, కొన్ని నెలలు పట్టింది.

ఆనాటి నుండి మా మదర్సాలో అసర్ నమాజు తరువాత అరగంట తెలుగు దినపత్రిక చదివిస్తున్నాము. మొదట్లో కొందరు తండ్రులు అభ్యంతరం చెప్పారు, హిఫ్జ్ దెబ్బతింటుందని. దెబ్బతినలేదు. పెద్ద పిల్లలు ఒత్తులు తప్పుతూ చదువుతారు, చిన్నవాళ్లు నవ్వుతారు. గత రంజాన్ నుండి పరదా వెనుక నలుగురైదుగురు తల్లులు కూడా పలకలతో కూర్చుంటున్నారు. పింఛను కాగితం తెచ్చిన ఆమె అందరికంటే ముందు వస్తుంది.