సైకిలు ప్రమాదము: నష్టపరిహారమును లెక్కకట్టుట ఎట్లు?

బాన్సువాడ నుండి బోధన్ వైపునకును, నిజాంసాగరు వైపునకును పోవు బాటలపై వరికోతల కాలమందు ధాన్యపు లారీలు, ట్రాక్టర్లు ఎడతెగక తిరుగుచుండును. వాటి ప్రక్కనే కూలీలు, పాలవారు, బడిపిల్లలు సైకిళ్లపై పోవుచుందురు. లారీ తగిలి కాలు విరిగినచో, “నా సైకిలుకు ఇన్సూరెన్సు లేదు గదా, నాకెవరిత్తురు?” అని పలువురు నిరాశపడుదురు. సైకిలుకు ఇన్సూరెన్సు అక్కరలేదు. 1988 నాటి మోటారు వాహనముల చట్టము ప్రకారము రోడ్డుపై నడుచు మోటారు వాహనమునకు థర్డు పార్టీ ఇన్సూరెన్సు ఉండితీరవలెను. ఆ ‘థర్డు పార్టీ’ సైకిలుపై పోవు మన రైతుకూలీయే.

పరిహారమును కోరుటకు రెండు మార్గములు కలవు. ఎవరిది తప్పో రుజువు చేయనక్కరలేకుండ, తీవ్రమైన గాయమునకు 2,50,000 రూపాయలు, మరణమునకు 5,00,000 రూపాయలు ఇచ్చుట మొదటిది. ఇది చట్టమందలి 164వ సెక్షను. ఎముక విరుగుట తీవ్రమైన గాయమే. డ్రైవరు తప్పును చూపి, కలిగిన నష్టమంతయు కోరుట రెండవది. ఇది 166వ సెక్షను. మొదటి మార్గమున సొమ్మును అంగీకరించినచో రెండవ మార్గమున వేసిన దావా రద్దగును. కావున ఆస్పత్రి మంచముపై ఉన్నవాడు, చేతికందు సొమ్మును చూచి సంతకము చేయుటకు ముందే లెక్క చూచుకొనవలెను.

ఒక ఉదాహరణము తీసికొందము. 38 ఏండ్ల కూలీ ఒకడు నెలకు 12,000 రూపాయలు సంపాదించుచున్నాడనుకొందము. స్వయముగా సంపాదించుకొను వానికి 40 ఏండ్లలోపు వయస్సున్నచో, ముందుముందు ఆదాయము పెరుగునను తలంపుతో 40 శాతము కలుపుదురు. ఇది ప్రణయ్ సేఠీ కేసులో 2017లో సుప్రీంకోర్టు నిర్ణయించిన రీతి. అప్పుడు నెలకు 16,800, సంవత్సరమునకు 2,01,600 రూపాయలగును. దీనిని వయస్సునుబట్టి ఒక గుణకముచే హెచ్చింతురు. 2009 నాటి సరళా వర్మ తీర్పులోని పట్టిక ప్రకారము 36 నుండి 40 ఏండ్ల వానికి గుణకము 15. మొత్తము 30,24,000 రూపాయలు. ఇందులో అతని సంపాదనశక్తి ఎన్నవ వంతు పోయినదో అంత భాగము రావలెను. 25 శాతము పోయినదనినచో 7,56,000 రూపాయలు. అట్టివాడు రెండున్నర లక్షలకు ఒప్పుకొన్నచో ఎంత పోగొట్టుకొనునో చదువరులే చూడవచ్చును.

ఆ 25 శాతమును నిర్ణయించుటయే కష్టమైన పని. కుడికాలికి 40 శాతము వైకల్యమని డాక్టరు వ్రాసినంతమాత్రమున శరీరమంతటికిని 40 శాతమని కాదు; సంపాదనలో 40 శాతము పోయినదనియు కాదు. 2010లో రాజ్‌కుమార్ కేసున సుప్రీంకోర్టు దీనిని చక్కగా విడమరచినది. ఎడమచేయి పోయిన గుమాస్తా తన కొలువు నిలుపుకొనవచ్చును. అదే వడ్రంగికైనచో బ్రతుకుతెరువే పోవును. కాబట్టి గాయపడినవాడు ఏ పని చేసెడివాడు, ఇప్పుడు నాటు వేయగలడా, బస్తా మోయగలడా అను సంగతులను సాక్ష్యముతో చెప్పవలెను. మన ప్రాంతమున ఈ సాక్ష్యమే తరచు లోపించుచున్నది.

పై మొత్తమునకు వైద్యపు ఖర్చులు, మంచమున పడియున్న నెలల కూలి, తోడున్నవారి ఖర్చు, ప్రయాణపు ఖర్చు, బాధకు కొంత సొమ్ము చేరును. బాధకు మాత్రము సూత్రము లేదు; అది న్యాయమూర్తి విచక్షణకు సంబంధించినది. ఆదాయమునకు కాగితము లేనివారు దిగులుపడనక్కరలేదు, ఆ కాలపు కూలిరేట్లనుబట్టి ట్రైబ్యునలు అంచనా కట్టును.

అయితే సైకిలువాని తప్పు కూడ ఉన్నచో సొమ్ము తగ్గును. చీకటిలో దీపము లేక, అడ్డముగా మరలినందున 25 శాతము తప్పు అతనిదేయని తేలినచో, 8,00,000 రూపాయల పరిహారము 6,00,000 అగును.

ప్రమాదము జరిగినవెంటనే పోలీసులకు తెలుపవలెను. వాహనము నెంబరును వ్రాసికొనవలెను. ఎఫ్.ఐ.ఆర్. నకలు, గాయముల సర్టిఫికెట్టు, డిశ్చార్జి కాగితము, మందుల షాపు రసీదులు ఒక్కటియు పారవేయరాదు. 2025లో వెలువడిన పథకము ప్రకారము నిర్ణీత ఆస్పత్రులలో మొదటి ఏడు దినములు, 1,50,000 రూపాయల వరకు, నగదు కట్టకయే చికిత్స పొందవచ్చును.

ఢీకొన్న వాహనము జాడ తెలియనిచో తీవ్రమైన గాయమునకు 50,000, మరణమునకు 2,00,000 రూపాయలు వచ్చును. దీని విచారణ రెవెన్యూ అధికారులది. బాన్సువాడ రెవెన్యూ డివిజను కేంద్రమే గనుక ఇచ్చటివారు దూరము పోనక్కరలేదు.

166వ సెక్షను క్రింద దరఖాస్తునకు ఆరు నెలల గడువు 2022 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చినది. ఈ గడువుపై సుప్రీంకోర్టున వివాదము నడచినను, దానిని నమ్ముకొని కూర్చుండుట మంచిది కాదు. తామున్నచోటి ట్రైబ్యునలులోనే దరఖాస్తు ఇచ్చుకొనవచ్చును. ఇన్సూరెన్సు కంపెనీ అధికారి రాజీకి వచ్చినచో, కంపెనీ ఇచ్చెదనను సొమ్మును వ్రాతమూలకముగా తీసికొని, పై లెక్కతో సరిచూచుకొనవలెను. లోక్ అదాలత్తులో ఒకసారి ఒప్పుకొన్నచో అప్పీలు లేదు. స్త్రీలకు, షెడ్యూల్డు కులములవారికి, తెగలవారికి, వికలాంగులకు ఆదాయముతో నిమిత్తము లేకుండ న్యాయసేవల సంస్థ ఉచితముగా వకీలును ఏర్పాటు చేయును. సంతకమునకు ముందు ఆ వకీలుచే ఒప్పందమును చదివించుకొనవచ్చును.