కొత్త ఫ్లూ టీకాను ఎలా పరీక్షిస్తారు?

2009 మే 13వ తేదీన అమెరికా నుంచి వచ్చిన ఒక ప్రయాణికుడు హైదరాబాదు శివార్లలోని శంషాబాదు విమానాశ్రయంలో దిగాడు. అతనికి సోకింది స్వైన్ ఫ్లూ అని 16వ తేదీన రూఢి అయింది. మన దేశంలో ఆ వ్యాధి బయటపడడం అదే మొదలు. అది హైదరాబాదులో జరగడంలో పెద్ద వింత లేదు. హైటెక్ సిటీ, మాదాపూరు, గచ్చిబౌలిలలోని కంప్యూటరు కంపెనీల పనిమీద అమెరికాకు పోయేవారు, వచ్చేవారు ఈ నగరంలో ఎందరో ఉన్నారు. మనిషి విమానం ఎక్కితే అతని గొంతులో ఉన్న వైరస్ కూడా టిక్కెట్టు లేకుండా ఎక్కుతుంది కదా!

జూన్ 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ దీనిని మహమ్మారిగా ప్రకటించింది. వైరస్ కొత్తది. దానిని ఎదుర్కొనే శక్తి చాలామంది రక్తంలో లేదు. "టీకా ఏదీ?" అని అందరూ అడగసాగారు. హైదరాబాదుకు ఉత్తరాన శామీర్‌పేట దగ్గర జీనోమ్ వ్యాలీ అనే ప్రాంతం ఉంది. అక్కడి భారత్ బయోటెక్ సంస్థ టీకా తయారీకి పూనుకున్నది. అహ్మదాబాదు, పూణేలలోని సంస్థలు కూడా పూనుకున్నాయి.

సరే, టీకా తయారై సీసాలో ఉందనుకోండి. బయట జనం జబ్బు పడుతున్నారు. వెంటనే అందరికీ పొడిచేయవచ్చు గదా, ఇంకా పరీక్షలెందుకు? ఈ ప్రశ్న తరగతిలో నన్ను చాలామంది పిల్లలు అడిగారు. మంచి ప్రశ్నే. కాని ఒక తేడా గమనించండి. మందును జబ్బు చేసినవాడికి ఇస్తాం. టీకాను ఆరోగ్యంగా తిరుగుతున్నవాడికి ఇస్తాం. అతనికి మనవల్ల కీడు జరగకూడదు. అందువల్ల రెండు ప్రశ్నలకు జవాబు కావాలి. ఈ టీకా వల్ల హాని ఉందా? దీనికి శరీరం స్పందిస్తుందా?

జంతువులపై పరీక్షలు ముగిశాక మనుషులలో సాధారణంగా ముందు ఆరోగ్యవంతులైన పెద్దవాళ్ల వంతు వస్తుంది. 18 ఏళ్లు నిండినవాడు విషయం విని, అర్థం చేసుకుని, ఒప్పుకోవచ్చు లేదా కాదనవచ్చు. ఒప్పుకున్నాక మధ్యలో మానుకోవచ్చు కూడా. ఈ అంగీకారం ఉత్త కాగితం ముచ్చట కాదు. 2009లో ఖమ్మం జిల్లాలో గర్భాశయ ముఖద్వార కాన్సరును నివారించే టీకాను వేలాది బాలికలకు ఇచ్చారు. వారిలో చాలామంది అంగీకార పత్రాలపై తల్లిదండ్రులకు బదులు హాస్టలు వార్డెన్లు సంతకాలు చేశారని తరువాత తేలింది. 2010 ఏప్రిల్‌లో ఆ కార్యక్రమం ఆగిపోయింది. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం దీనిని తీవ్రంగా తప్పుబట్టింది. ఆ టీకా మంచిదే, ఎన్నో దేశాలలో ఇస్తున్నారు. తప్పు జరిగింది అడిగే పద్ధతిలో.

ఇక పరీక్ష రోజుకు వద్దాం. మీరే ఒక స్వచ్ఛంద కార్యకర్త అనుకోండి (వయసు నిండాకనే సుమా!). మొదట మీ చేతినుంచి కొద్దిగా రక్తం తీస్తారు. తరువాత సూది వేస్తారు. అందులో ఉన్నది టీకాయా, ఉత్తుత్తి మందా అన్నది మీకు తెలియదు, వేసిన నర్సుకూ తెలియదు. సీసా మీద ఉన్నది సంఖ్య మాత్రమే. ఇంత దాపరికం ఎందుకంటే, టీకా పడిందని తెలిస్తే ప్రతి చిన్న తలనొప్పినీ దానికే అంటగడతాం. ఉత్తుత్తి మందు తీసుకున్నవారిలో కూడా కొందరికి తలనొప్పి, ఒళ్లునొప్పులు వస్తాయి. రెండు గుంపులనూ పోల్చి చూస్తేనే టీకా వాటా ఎంతో తెలుస్తుంది.

సూది తరువాత కాసేపు అక్కడే కూర్చోబెడతారు. అరుదుగా కొందరికి నిమిషాల్లోనే తీవ్రమైన ఎలర్జీ రావచ్చు. ఆపైన ఇంటికి ఒక కార్డు, ఒక థర్మామీటరు, ఒక చిన్న స్కేలు ఇచ్చి పంపుతారు. రోజూ జ్వరం ఎంత, సూది వేసినచోట ఎరుపు ఎన్ని మిల్లీమీటర్లు, నొప్పి ఉందా అని వారంపాటు రాసుకోవాలి. చూడడానికి పిల్లల ఆటలా ఉంటుంది. కాని ఇలాంటి కార్డులు వందలకొద్దీ చేరినప్పుడే మొదటి ప్రశ్నకు సగం జవాబు దొరుకుతుంది.

మూడు వారాలకు, అనగా 21వ రోజున, మళ్లీ రక్తం తీస్తారు. ఇక రెండవ ప్రశ్న. దీనికి జవాబు చెప్పే పద్ధతి చాలా అందమైనది.

ఫ్లూ వైరస్ ఒంటినిండా ముళ్లవంటి ప్రోటీన్లు ఉంటాయి. వాటిలో ఒకదాని పేరు హీమగ్లూటినిన్. అది కణాలకు అతుక్కునే కొక్కెం. ఎర్ర రక్తకణాలకు కూడా అతుక్కుంటుంది. వైరస్‌ను కోడి ఎర్ర రక్తకణాలతో కలిపితే ఒక్కొక్క వైరస్ రెండు మూడు కణాలను పట్టుకొని వలలా అల్లుతుంది. గుంటలో సన్నని ఎర్రటి పొర పరుచుకుంటుంది. 1941లో జార్జి హర్స్ట్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు దీనిని గమనించాడు. ఈసారి ఎర్ర రక్తకణాలను కలపకముందే వైరస్‌కు టీకా పడిన మనిషి రక్తం నుంచి వేరుచేసిన సీరం కలపండి. అందులో ప్రతిరక్షకాలు ఉంటే అవి కొక్కేలను కప్పేస్తాయి. వల అల్లుకోదు. కణాలన్నీ అడుగుకు జారి ఎర్రని బొత్తాంలా కూర్చుంటాయి. పలకను కాస్త వంచితే ఆ బొత్తాం కన్నీటి చుక్కలా కిందికి జారుతుంది. పెద్ద యంత్రాలేమీ అక్కరలేదు, కంటితోనే చూడవచ్చు.

ప్రతిరక్షకాలు ఉన్నాయని తెలిసింది, ఎన్ని ఉన్నాయి? సీరాన్ని పలచన చేస్తూ పోతారు. పదింతలు, ఇరవై, నలభై, ఎనభై, నూటఅరవై ఇంతలు... ఎంత పలచన చేసేదాకా బొత్తాం ఏర్పడుతుందో అదే ఆ మనిషి అంకె. ఈ అంకెలలో 1:40కి ప్రత్యేక స్థానం ఉంది. ఇంగ్లండులో స్వచ్ఛంద కార్యకర్తలు ఫ్లూ వైరస్‌ను కావాలనే ముక్కులో వేయించుకున్న ప్రయోగాల ఫలితాలు 1972లో అచ్చయ్యాయి. సుమారు ఈ స్థాయిలో ప్రతిరక్షకాలు ఉన్నవారికి వైరస్ సోకే అవకాశం సగానికి తగ్గిందని వాటివల్ల తెలిసింది. 40 ఉంటే ఇక ఫ్లూ రాదని కాదు, జాగ్రత్త! అది గోడ కాదు, కొలబద్ద. పెద్దవాళ్లలో నూటికి 70 మందికైనా టీకా తరువాత 40 దాటాలని యూరపు, అమెరికా నియమాలు అడుగుతూ వచ్చాయి.

ఇక్కడ మీ లెక్కల పుస్తకానికి కూడా పని ఉంది. ముగ్గురి అంకెలు 10, 80, 640 అనుకోండి. మామూలు సగటు తీస్తే 243 వస్తుంది. ఒక్కడి పెద్ద అంకె సగటునంతా లాగేసింది. మూడింటినీ గుణించి ఘనమూలం తీస్తే 80 వస్తుంది. రెట్టింపులుగా పెరిగే అంకెలకు ఈ గుణ మధ్యమమే న్యాయమైన సగటు. టీకా నివేదికలలో ఇచ్చేది ఇదే.

2009 జులైలో ఆస్ట్రేలియాలోని అడిలైడ్ నగరంలో 240 మంది పెద్దవాళ్లపై స్వైన్ ఫ్లూ టీకాను ఇలాగే పరీక్షించారు. సగం మందికి 15 మైక్రోగ్రాములు, సగం మందికి 30. కొత్త వైరస్ కనుక రెండు సూదులు కావాలని చాలామంది అనుకున్నారు. కాని 15 మైక్రోగ్రాముల ఒక్క సూదితోనే నూటికి 90 మందికి పైగా 40 చేరారు. ఇది ఎంత పెద్ద సంగతో ఆలోచించండి. ఒక్క సూది చాలితే అదే టీకా రెట్టింపు జనానికి సరిపోతుంది.

40 అనే కొలబద్ద లేకపోతే ఏమవుతుంది? 2020లో కోవిడ్ వచ్చినప్పుడు అదే జరిగింది. రక్తంలో ఎంత ఉంటే రక్షణో ఎవరికీ తెలియదు. భారత్ బయోటెక్ వారి కోవాక్సిన్‌ను మొదటి దశలో 375 మందిపై పరీక్షించారు. హైదరాబాదు పంజాగుట్టలోని నిమ్స్ ఆసుపత్రి అందుకు ఒక కేంద్రం. ప్రతిరక్షకాలు వచ్చాయి, కాని అంతటితో సరిపోలేదు. మూడవ దశలో 25,798 మందిని చేర్చుకుని, వారిలో 130 మందికి లక్షణాలతో జబ్బు వచ్చేదాకా ఎదురుచూడవలసి వచ్చింది. అప్పుడు సంఖ్యల ముద్ర విప్పితే టీకా గుంపులో 24 మంది, ఉత్తుత్తి మందు గుంపులో 106 మంది! రక్షణ 77.8 శాతమని ప్రకటించారు.

ఇంతకూ మొదటి ప్రశ్నకు సగం జవాబే దొరికిందన్నాను కదా. మిగతా సగం ఏమిటి? 300 మందికి టీకా వేశారు, ఒక్కరికీ ప్రమాదం జరగలేదు. అంటే ప్రమాదం సున్నాయా? కాదు. గణితశాస్త్రం ప్రకారం మూడును ఆ సంఖ్యతో భాగించాలి. 300లో 3, అనగా నూటికి ఒకరిదాకా ప్రమాదం దాగి ఉన్నా ఆ పరీక్ష పట్టుకోలేకపోవచ్చు. లక్షకు ఒక్కరికి వచ్చే ప్రమాదం లేదని చెప్పాలంటే 3 లక్షల మంది కావాలి!

1976లో అమెరికాలో ఇదే జరిగింది. సైనిక శిబిరంలో కొత్త స్వైన్ ఫ్లూ కనిపించగానే టీకా తయారు చేసి, కొన్ని వేలమందిపై పరీక్షించి, అక్టోబరు నుంచి 4 కోట్లకు పైగా జనానికి వేశారు. అప్పుడు గిలాన్-బారీ అనే నరాల వ్యాధి, కాళ్లూ చేతులూ చచ్చుబడేది, లక్షకు సుమారు ఒకరికి అదనంగా వచ్చింది. డిసెంబరులో ఆపేశారు. భయపడిన మహమ్మారి మాత్రం రానేలేదు. పరీక్ష చేసినవారిది అజాగ్రత్త కాదు. లక్షకు ఒకటిని వేలల్లో వెతికితే దొరకదు. 2009 టీకాలలో ఐరోపాలో వాడిన పాండెమ్రిక్స్ అనేదానివల్ల కొందరు పిల్లలకు పగలు ఆపుకోలేని నిద్ర ముంచుకొచ్చే నార్కోలెప్సీ జబ్బు వచ్చింది. ఇది 2010లో ఫిన్లాండు, స్వీడన్‌లలో, అదీ లక్షలమందికి వేశాక బయటపడింది. అందుకే టీకాకు అనుమతి వచ్చాక కూడా ప్రతి ఊరి ఆసుపత్రి నుంచి దుష్ఫలితాల వివరాలు సేకరిస్తూనే ఉంటారు.

మన దేశపు టీకాలు 2010లో వచ్చాయి. భారత్ బయోటెక్ తన హెచ్‌ఎన్‌వాక్ టీకాకు వైరస్‌ను కోడిగుడ్లలో కాక, జీవకణాల వర్ధనంలో పెంచింది. ఐతే అదే సంవత్సరం ఆగస్టు 10న మహమ్మారి ముగిసిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. వైరస్ మాత్రం ఎక్కడికీ పోలేదు. దాని సంతతి ఇప్పటికీ మామూలు ఫ్లూగా మన మధ్య తిరుగుతున్నది. రూపం మార్చుకుంటున్నది. పాత ప్రతిరక్షకాలు దాని కొత్త కొక్కేలను ఇంకా కప్పగలవా లేదా అని ప్రయోగశాలలలో ఆ గుంటల పలకలను వంచి చూస్తూనే ఉన్నారు.